గరీబు ఇంటికి ఫోను: కొనేముందు నాలుగు మాటలు

(హైదర్‌గూడలో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక మనవి. మేము ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఉర్దూ మాధ్యమంలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లము. మా తెలుగు బడిలో వచ్చింది తక్కువ, చిక్కడపల్లి కూరల బజారులో వచ్చింది ఎక్కువ. అయినా మన పిల్లల్లో చాలామందికి ఈనాడు తెలుగు చదవటమే సులువుగా వున్నది కనుక, సంచికలో తెలుగులోనే వేద్దామని కార్యదర్శిగారు అన్నారు. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోగలరు.

విషయం ఏమిటంటే ఫోను. తక్కువ డబ్బులో మంచి స్మార్ట్‌ఫోను ఎలా ఎంచుకోవాలి అనేది. ఈ మాట మాకు అప్పగించినప్పుడు మేమే నవ్వాము. "అయ్యా, మేము టీచర్లము, ఫోన్ల దుకాణం వాళ్లము కాము కదా" అన్నాము. దానికి కార్యదర్శిగారు, "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం, మీకు అమ్ముకోవలసింది ఏమీ లేదు" అన్నారు. ఆ మాట నిజమే. అయితే మేము ఒప్పుకోవటానికి యింకొక కారణం వున్నది. అది మా తప్పు. మొదట అదే చెప్పుకుంటాము.

2024 వేసవి సంగతి. మాకు తెలిసిన ఒక దర్జీ భాయ్ వున్నారు. పేరు చెప్పటం మర్యాద కాదు. ఆయన కూతురు ఇంటర్ పాసయ్యింది. డిగ్రీ సీటుకు 'దోస్త్'లో పేరు నమోదు చేయాలి, ఓటీపీలు రావాలి, మెసేజీలు చూసుకోవాలి. ఇంట్లో వున్నది బటన్ల ఫోను. ఒకరోజు సాయంత్రం ఆయన మా దగ్గరకొచ్చి, "మాస్టర్ సాబ్, ఒకతను ఐదున్నర వేలకు ఫోను యిస్తానంటున్నాడు. కొత్తలో పదహారు వేలదట. తీసుకోవచ్చునా?" అని అడిగారు. మేము ఆ ఫోను చేతిలోకి తీసుకున్నాము. నున్నగా వున్నది, గీత కూడా లేదు. బిల్లు వున్నదా అని అడగలేదు. డబ్బా వున్నదా అని అడగలేదు. "బాగానే వుంది భాయ్, ఈ ధరకు దొరకదు, తీసేసుకోండి" అన్నాము.

మూడు నెలలు తిరగకముందే ఆయనకు పోలీసు స్టేషను నుండి పిలుపు వచ్చింది. అది ఎవరో పోగొట్టుకున్న ఫోను. ఆ మనిషి ఫిర్యాదు చేసి వున్నాడు. వీరు సిమ్ము వేయగానే జాడ తెలిసిపోయింది. ఫోను తీసేసుకున్నారు. అమ్మినవాడు కనబడలేదు. ఐదున్నర వేలు పోయినవి. మేము ఆ ఇంటికి వెళ్లి తల వంచుకుని కూర్చున్నాము. ఆయన కోప్పడలేదు. "డబ్బు సంగతి కాదు మాస్టర్ సాబ్, అల్లా మళ్లీ యిస్తాడు. ముప్పై ఏళ్లుగా ఈ బస్తీలో గుడ్డలు కుడుతున్నాను, ఒకరి గుడ్డ ముక్క దాచుకోలేదు. ఆ బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను, అందరూ చూశారు" అన్నారు.

ఆ మాట మమ్మల్ని యిప్పటికీ వదలలేదు. చదువుకున్నవాడని మమ్మల్ని నమ్మి అడిగారు. మేము తెలియకుండానే తెలిసినట్టు చెప్పాము. ఆ తరువాత మేము కూర్చుని నేర్చుకున్నది ఏదైతే వున్నదో, అదే ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

ఫోను షోకు వస్తువు కాదు

కొందరు పెద్దలు, "మన కాలంలో ఫోనులు లేకుండా చదువుకోలేదా" అంటారు. చదువుకున్నాము. కాని కరోనా వచ్చినప్పుడు ఏమైంది? 2020 మార్చిలో బడులు మూతపడ్డవి. సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠాలు మొదలైనవి. టీవీ వున్న ఇల్లు సరే. ఆ తరువాత హోంవర్కు వాట్సాప్‌లో, సందేహం వాట్సాప్‌లో. ఫోను లేని పిల్ల మా హాజరు పట్టీలో పేరుగా మాత్రమే మిగిలింది. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను వున్న ఇంట్లో మగపిల్లవాడి వంతు ముందు, ఆడపిల్ల వంతు రాత్రి పది తరువాత. అప్పటికి బ్యాటరీ వుండదు. యిది మేము కళ్లారా చూసిన సంగతి.

అందుకని, ఫోనును యిప్పుడు స్లేటు, బలపం లెక్కన చూడాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, డిగ్రీ సీటు, బ్యాంకు ఓటీపీ, ఆధారు పని, గ్యాసు బుకింగు, అన్నీ దానిలోనే. కాని స్లేటుకు ఎంత పెట్టాలో అంతే పెట్టాలి. మేము చెప్పదలచుకున్నది అంతే.

మొదటి ప్రశ్న: ఎవరికి, ఎందుకు?

దుకాణానికి వెళ్లి "పదివేలలో ఏది మంచిది" అని అడగటం, బట్టల దుకాణానికి వెళ్లి "ఐదువందల్లో ఒక బట్ట యివ్వండి" అనటం వంటిది. కమీజుకా, కర్టెనుకా? ముందుగా ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఈ ఫోను ఎవరి చేతిలో వుంటుంది? ఏ మూడు పనులు తప్పనిసరి?

అమ్మమ్మ కొఱకు అయితే గట్టిగా వినబడాలి, అక్షరాలు పెద్దవిగా కనబడాలి, ఛార్జింగు రెండు రోజులు రావాలి. ఆటో నడిపేవారికైతే ఎండలో తెర కనబడాలి, దారి చూపాలి, రోజంతా నిలవాలి. అశోక్‌నగర్‌లో కోచింగుకు వెళ్లి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివే కుర్రవాడికైతే పీడీఎఫ్‌లు దాచుకునేందుకు చోటు కావాలి, వీడియో పాఠం ఆగకుండా నడవాలి. ఈ ముగ్గురికీ ఒకే ఫోను మంచిది కాదు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అనేది ఈ ముగ్గురిలో ఎవరికీ మొదటి అవసరం కాదని గమనించగలరు. దుకాణంలో మాత్రం మొదట చెప్పేది అదే!

రెండవ ప్రశ్న: ఎంత?

చేతిలో పదివేలు వుంటే ఫోనుకు పదివేలు పెట్టకూడదు. కవరు వున్నది, తెర మీద అద్దం వున్నది. ఈమధ్య కొన్ని ఫోన్ల డబ్బాలో ఛార్జరు యివ్వటం లేదు. తెరిచి చూస్తే తీగ మాత్రమే వుంటుంది. అది వేరే కొనాలి. నెలనెలా రీఛార్జి వున్నది. మా లెక్క ఏమంటే, పదివేలు వుంటే ఎనిమిదిన్నర, మహా అయితే తొమ్మిది వేల ఫోను చూసి, మిగిలినది పక్కన పెట్టాలి.

ధరలో పన్ను ఎంతో కూడా తెలుసుకోండి. మొబైలు ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుండి 18 శాతం. అంటే పదివేల బిల్లులో ఫోను ధర సుమారు 8,475 రూపాయలు, పన్ను 1,525. "బిల్లు వద్దంటే తగ్గిస్తాను" అని కొందరు దుకాణదారులు అనటంలోని రహస్యం ఇదే. కాని బిల్లు లేకపోతే వారంటీ అడిగే దారి వుండదు. రేపు ఎవరైనా ఇది ఎక్కడిది అని అడిగితే చూపించటానికి కాగితం కూడా వుండదు. మన దర్జీ భాయ్ దగ్గర లేనిది ఆ కాగితమే.

డబ్బా మీద రాతలు చదవటం

యిక డబ్బా మీద రాతలు. యిది మేము తరగతిలో బోర్డు మీద చెప్పినట్టు చెబుతాము.

ఫోనులో రెండు రకాల జ్ఞాపకం వుంటుంది. ఒకటి ర్యామ్. అది మనం పని చేసే బల్ల వంటిది. బల్ల పెద్దదైతే నాలుగు పుస్తకాలు ఒకేసారి తెరచి పెట్టుకోవచ్చును. చిన్నదైతే ఒకటి మూసి యింకొకటి తెరవాలి. రెండవది స్టోరేజి. అది బీరువా. ఎంత సామాను దాచుకోవచ్చునో అది చెబుతుంది. ఈనాడు చదువుకునే పిల్లవాడికి బల్ల 4 జీబీకి, బీరువా 64 జీబీకి తగ్గకూడదు. 128 జీబీ దొరికితే మరీ మంచిది. ఎందుకంటే ఫోను తన సొంత సామానుతోనే బీరువాలో చాలా భాగం నింపేస్తుంది. ఆపైన చుట్టాల 'గుడ్ మార్నింగ్' బొమ్మలు, పెళ్లి వీడియోలు చేరతాయి.

ఇక్కడ ఒక మోసపు లెక్క వున్నది. డబ్బా మీద "8 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాలలో వుంటుంది, కింద చీమ అక్షరాలలో "4+4" అని వుంటుంది. అంటే అసలు బల్ల 4 జీబీయే. తక్కిన 4 జీబీ బీరువా తలుపు తీసి దానిమీద పుస్తకం పెట్టటం వంటిది. పని జరగవచ్చు, కాని బల్ల బల్లే, బీరువా బీరువాయే. అసలు ర్యామ్ ఎంత అని అడగండి.

బ్యాటరీ సంగతి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ యిప్పుడు చవక ఫోన్లలో కూడా దొరుకుతున్నది. అంతకు తక్కువ తీసుకోవలసిన పనిలేదు.

తరువాత 5జీ. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న ప్రారంభమైంది. మీ వాడకం వాట్సాప్, పాఠాల వీడియోలు, ఓటీపీలు అయితే మంచి 4జీ ఫోను చాలును. 5జీ కావాలంటే మీ సిమ్ముకు అది నడుస్తుందా అని అడిగి మరీ తీసుకోండి. 2024 నవంబరులో రెడ్‌మీ ఏ4 5జీ అనే ఫోను 8,499 రూపాయల నుండి అమ్మకానికి వచ్చింది. ధర తక్కువే. కాని అది పట్టుకునే 5జీ జియో నడిపే 'ఎస్ఏ' పద్ధతి 5జీ మాత్రమే. ఆ రోజుల్లో ఎయిర్‌టెల్ 5జీ 4జీ మీద ఆధారపడిన 'ఎన్ఎస్ఏ' పద్ధతిలో నడిచేది. కనుక ఎయిర్‌టెల్ సిమ్ము వున్నవారికి ఆ ఫోనులో 4జీయే వచ్చేది. ఫోనులో లోపం కాదు, కొనేవారు అడగవలసిన ప్రశ్న అడగకపోవటమే లోపం.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దుకాణంలో ఎవరూ చెప్పనిది, అప్‌డేట్లు. ఫోను కంపెనీవారు కొన్నాళ్లపాటు అప్పుడప్పుడు మరమ్మతు సామాను నెట్ ద్వారా పంపుతూ వుంటారు. దొంగలు తలుపు తీసే కొత్త ఉపాయం కనిపెడితే, తాళం మార్చి పంపుతారు. కొన్ని చవక ఫోన్లకు రెండేళ్లలో ఆపేస్తారు. ఆ తరువాత ఫోను బాగానే మోగుతుంది, కాని తాళం పాతదైపోతుంది. అందులోనే కదా మన యూపీఐ, బ్యాంకు అన్నీ వున్నవి? 2025 జనవరి 1 నుండి ఆండ్రాయిడ్ 4.4 మీద వాట్సాప్ కూడా ఆగిపోయింది. ఫోను చెడకుండానే ముసలిదైపోవటం అంటే ఇదే.

కాబట్టి "ఎన్నేళ్లు అప్‌డేట్లు యిస్తారు?" అని తప్పక అడగండి. తక్కువ ధరలో కూడా ఎక్కువ ఏళ్లు యిచ్చేవి వున్నవి. సామ్‌సంగ్ వారు 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన గెలాక్సీ ఎఫ్06 5జీ అప్పట్లో సుమారు పదివేల ధరది, దానికి నాలుగేళ్లు అప్‌డేట్లు యిస్తామని ప్రకటించారు. ఇదే కొనమని మేము చెప్పటం లేదు. మోడళ్లు పండుగ చంద్రుళ్లలా వచ్చి పోతూ వుంటాయి. మీరు వెళ్లేనాటికి వేరేవి వుంటాయి. లెక్క వేసే పద్ధతి చెబుతున్నాము. ఎనిమిది వేల ఫోను రెండేళ్లు నిలిస్తే ఏడాదికి నాలుగు వేలు. పదివేల ఫోను నాలుగేళ్లు నిలిస్తే ఏడాదికి రెండున్నర వేలు. ఏది చవక? పిల్లలకు ఏడో తరగతిలో చెప్పే లెక్కే ఇది.

మన ప్రత్యేక పరీక్ష

ఇది ఉర్దూ టీచర్ల పిచ్చి అనుకోండి, కాని మా మాట వినండి. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ఫోను తీసుకుని ఉర్దూలో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం టైపు చేసి చూడండి. కొన్ని ఫోన్లలో ఉర్దూ అక్షరాలు మనకు అలవాటైన నస్తాలీఖ్‌లో రావు, అరబ్బీ వారి నస్ఖ్ పద్ధతిలో వస్తాయి. పిల్లలు తప్పక చదువుతారుగాని, దాదీజాన్ కళ్లు చిన్నవి చేసుకుని, "యిదేం రాత బేటా" అంటుంది. రెండు భాషలకూ గూగుల్ వారి కీబోర్డు వున్నది, ఉచితం. రాత ఎలా కనబడుతుందో, కీలు వేలికి అందుతున్నవో లేదో, కొనేముందే చూసుకోవాలి.

ఎక్కడ కొనాలి?

మన హైదర్‌గూడ వారికి బజారు దూరం కాదు. బషీర్‌బాగ్ దాటితే ఆబిడ్స్. అక్కడి జగదీష్ మార్కెట్ పేరు వినని ఫోను కుర్రవాడు ఈ ఊళ్లో వుండడు. కొత్తవి, పాతవి, మరమ్మతులు, అన్నీ అక్కడే. కోఠీ వైపు వెళితే గుజరాతీ గల్లీ. కవర్లు, తీగలు, ఛార్జర్లు అక్కడ దొరుకుతాయి. ఛార్జరు మీద మాత్రం బీఐఎస్ గుర్తు చూసి తీసుకోండి. వంద రూపాయలు మిగిలిందని తెచ్చిన ఛార్జరు పిల్ల తల దగ్గర రాత్రంతా వేడెక్కుతూ వుంటుంది.

ఒక పద్ధతి చెబుతాము. మొదటి రోజు డబ్బు తీసుకువెళ్లకండి. మూడు దుకాణాలు తిరగండి, ధరలు కాగితం మీద రాసుకోండి, ఇంటికి వచ్చి ఆన్‌లైన్ ధర పక్కన వేసుకోండి. రెండవ రోజు డబ్బుతో వెళ్లండి. జేబులో డబ్బు వున్నప్పుడు మన చెవి మెత్తబడుతుంది. "రెండు వేలు వేస్తే దీనికన్నా పై మోడల్ వస్తుంది భాయ్" అనే మాట మొదటి రోజు వింటే సమాచారం, రెండవ రోజు వింటే వల.

మరీ చవకగా యిస్తామంటే కూడా ఆగండి. 2016 ఫిబ్రవరిలో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను అని దేశమంతా హోరెత్తింది. పత్రికలలో పెద్ద ప్రకటనలు వచ్చినవి. జనం పోటీపడి పేర్లు యిచ్చారు. చాలామందికి ఆ ఫోను అందనేలేదు. వస్తువుకు ఒక అసలు ధర వుంటుంది. దానికన్నా బాగా కిందికి దిగితే తేడా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కడుతున్నారన్నమాట.

పాత ఫోను సంగతి

పాత ఫోను కొనటం తప్పు కాదు. మేము ఎన్నో ఏళ్లుగా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటున్నవాళ్లము. అట్ట చూసి పుస్తకం కొనము. చివరి పుటలు వున్నవా లేదా అని ముందు తిరగేస్తాము. పుస్తకానికి ఆ జాగ్రత్త పడిన మేము, ఫోనుకు అట్ట చూసి మోసపోయాము. ఆ పుటలు తిరగేసే పద్ధతి యిది:

ఒకటి. ఫోనులో *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నెంబరు వస్తుంది. రెండు సిమ్ముల ఫోనుకు రెండు నెంబర్లు వస్తాయి. బిల్లు మీద, డబ్బా మీద వున్నదీ అదేనా చూడండి.

రెండు. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆపైన ఆ 15 అంకెలు టైపు చేసి 14422కు మెసేజి పంపండి. ఆ నెంబరు సరైనదా, నిషేధింపబడినదా అనేది జవాబులో తెలుస్తుంది. ప్రభుత్వం వారి సంచార్ సాథీ వెబ్‌సైటులోను, ఆప్‌లోను కూడా చూడవచ్చును. ఈ ఏర్పాటు 2023 మే నుండి దేశమంతటా వున్నది. మేము ఆ సాయంత్రం ఈ ఒక్క మెసేజి పంపి వుంటే, ఆ భాయ్ ఆ బెంచీ మీద కూర్చునేవారు కాదేమో. ఒక్క మెసేజి!

మూడు. అమ్మేవాడిని మీ ఎదుటే తన గూగుల్ ఖాతా తీసివేసి, ఫోనును మొత్తం ఖాళీ చేయమనండి. ఖాతా తీయకుండా ఖాళీ చేస్తే, మళ్లీ తెరిచినప్పుడు పాత యజమాని పాస్‌వర్డు అడుగుతుంది. అప్పుడది ఫోను కాదు, పేపరు వెయిటు.

నాలుగు. సిమ్ము వేసి మాట్లాడి చూడండి. మైకు, స్పీకరు, రెండు కెమెరాలు, ఛార్జింగు గుచ్చే చోటు, వేలిముద్ర అన్నీ పరీక్షించండి. పది నిమిషాలు వీడియో నడిపి బ్యాటరీ ఎంత దిగుతున్నదో చూడండి.

ఐదు. బిల్లు, డబ్బా లేకపోతే, అమ్మేవాడి సంతకం, గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. యివ్వనంటే లేచి రండి. సిగ్గుపడవలసింది మనం కాదు.

వాయిదాల మీద

యిక వాయిదాలు. "చేతిలో పైసా అక్కర్లేదు, సంతకం పెట్టి ఫోను తీసుకుపో" అంటారు. "వడ్డీ లేదు" అని కూడా అంటారు. వడ్డీ అంటే మనవారికి ఎందుకు సంకోచమో చెప్పనక్కర్లేదు. కాని వడ్డీ అనే పేరు లేనంత మాత్రాన అది లేనట్టేనా? 2013లో రిజర్వు బ్యాంకే ఈ సున్నా వడ్డీ పథకాలను తప్పుపట్టింది. వడ్డీని ప్రాసెసింగు ఫీజు వంటి వేరే పేర్లతో దాచుతున్నారని, అది సరికాదని బ్యాంకులకు చెప్పింది. ఈనాటి "నో కాస్ట్" వాయిదాలలో కూడా ఫీజు, దానిమీద పన్ను చూడనిదే ఒప్పుకోకండి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఫోను 9,000. ముందుగా 2,000 కట్టమన్నారు, ఫైలు ఖర్చు 600 అన్నారు, నెలకు 900 చొప్పున పది నెలలు అన్నారు. వినటానికి "నెలకు తొమ్మిది వందలే". కూడితే 11,600. అంటే 2,600 ఎక్కువ. ఆ డబ్బుతో పిల్లకు ఏడాది నోటుపుస్తకాలు వస్తాయి.

యింకొక సంగతి. కొన్ని ఫైనాన్సు ఫోన్లలో తాళం వేసే ఆప్ పెట్టి యిస్తారు. వాయిదా తప్పితే ఫోను మూసుకుపోతుంది. పరీక్ష ముందు రోజు మూసుకుపోతే ఏం చేస్తారు? అన్ని కాగితాలు చదివి, "మొత్తం ఎంత కడతాను?" అనే ఒక్క ప్రశ్నకు అంకె రాయించుకుని గాని సంతకం పెట్టకండి. మూడు నెలలు ఆగి కూడబెట్టి కొంటే, అదే ఫోను ధర కొంత తగ్గి కూడా వుండవచ్చును. మా తండ్రిగారు హైదరాబాదు ఆల్విన్ గడియారం అలాగే కూడబెట్టి కొన్నారు. ఆ కంపెనీ యిప్పుడు లేదు, గడియారం మా బీరువాలో వున్నది. కూడబెట్టి కొన్న వస్తువును మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు.

కొన్న తరువాత

బిల్లును ఫోటో తీసి ఇంట్లో యింకొకరి ఫోనుకు పంపండి. ఐఎంఈఐ నెంబరు రేషను కార్డు దాచే చోట రాసి పెట్టండి. పోయిన ఫోను ఫోటోలో ఆ నెంబరు వెతికి ఏం లాభం? పోతే వెంటనే పోలీసు ఫిర్యాదు, ఆపైన సంచార్ సాథీలో ఫోనును ఆపివేయటం. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అది సైబరు మోసాల నెంబరు. వస్తువు చెడిపోయి దుకాణం వారు వారంటీకి అడ్డం తిరిగితే 1915 వినియోగదారుల సహాయ నెంబరు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను వున్నది. ఐదు లక్షల లోపు వస్తువుకు కేసు వేయటానికి ఫీజు లేదు. ఈ హక్కు 2019 చట్టం ప్రకారం మనందరిదీ. కాని వీటిలో చాలావాటికి బిల్లు కావాలి. తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాము, మన్నించండి. టీచరు ముఖ్యమైన మాట మూడుసార్లు చెప్పటం అలవాటు.

సొసైటీకి మా విన్నపం

పెద్దల ముందు మూడు విన్నపాలు పెట్టి ముగిస్తాము.

మొదటిది. మన సొసైటీ కుర్రవాళ్లలో ఫోన్లు తెలిసినవారు ఎందరో వున్నారు. నెలకు ఒక ఆదివారం యిద్దరు ముగ్గురు ఆఫీసులో కూర్చుంటే చాలును. ఫోను కొనబోయే తల్లి, తండ్రి వచ్చి అడుగుతారు. నెంబరు సరిచూసి పెడతారు. కావాలంటే బజారుకు తోడు వెళతారు. కొనేవారికి ఒక మనిషి తోడుంటే దుకాణంలో మాట తీరు మారుతుంది.

రెండవది. మన కర్జె హసనా నిధి నుండి పెళ్లిళ్లకు, వైద్యానికి యిస్తున్నాము. చదువుకునే పిల్లల ఫోనుకు కూడా కొంత హద్దు పెట్టి యివ్వాలి. ముఖ్యంగా ఆడపిల్ల చదువుకు. ఆ పిల్ల ఫైనాన్సు వాడి తాళానికి భయపడి చదువుకోకూడదు.

మూడవది. ఇంట్లో బీరువాల్లో పడివున్న పాత ఫోన్లు. కొత్తది కొన్నాక పాతది పడేయలేక దాచుకుంటాము. పనిచేసేది వుంటే ఖాతా తీసివేసి, ఖాళీ చేసి, బిల్లుతో సహా సొసైటీకి యివ్వండి. దానిని ఒక పిల్ల చదువుకు వాడుకుంటుంది.

ఆ దర్జీ భాయ్ సంగతి ఏమైందని మీరు అడగవచ్చును. ఆ పిల్ల మా ఫోను మీదనే ఓటీపీలు తీసుకుని డిగ్రీలో చేరి వుండెను గనుక సీటు పోలేదు. ఆ తరువాత మూడు నెలలు కూడబెట్టి, మేమూ కొంత వేసి, కొత్త ఫోను, మామూలు 4జీ ఫోను, బిల్లు తీసుకుని కొన్నాము. ఆయన ఆ బిల్లును మడతపెట్టి, ఫ్రేము కట్టించి కుట్టు మిషను పైన గోడకు తగిలించారు. చూసినవారు నవ్వుతారు. మేము మాత్రం ఆ గోడ వైపు చూసినప్పుడల్లా తల దించుకుంటాము. ఒక మనిషి తాను దొంగను కానని గోడకు రాసిపెట్టుకోవలసి వచ్చింది. మా ఒక్క తొందర మాట వలన.

కనుక సోదరులారా, చదువుకున్నవారిని ఎవరైనా సలహా అడిగితే, తెలిసినది చెబుదాం. తెలియకపోతే "రేపు రా భాయ్, కనుక్కుని చెబుతా" అందాం. ఆ ఒక్క రోజు ఆలస్యం వల్ల ఎవరికీ నష్టం లేదు.